శివప్రకాశం పిళ్లై, ‘నాన్ యార్’: తరచుగా అడిగే ప్రశ్నలు

అరుణాచలం వెళ్లి గిరిప్రదక్షిణ చేసి, తిరిగొచ్చే ముందు రమణాశ్రమం పుస్తకాల దుకాణంలో ‘నేనెవడను’ అనే పల్చటి పుస్తకం కొనుక్కునే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది. దాన్ని రైల్లోనే ఒకసారి తిరగేస్తారు. పీఠికలో శివప్రకాశం పిళ్లై అనే పేరు కనిపిస్తుంది. అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. అలా పదేపదే వచ్చే వాటికి జవాబులివి.

అసలు ఎవరీ శివప్రకాశం పిళ్లై?

రమణ మహర్షి తొలినాటి భక్తుల్లో ఒకరు, తమిళుడు. కాలేజీలో తత్వశాస్త్రం చదివి, దక్షిణ ఆర్కాట్ జిల్లా కలెక్టరేట్‌లో రెవెన్యూ శాఖ ఉద్యోగిగా చేరారు. సన్యాసి కాదు, పండితుడని పేరు మోసినవాడూ కాదు. పెళ్లాం, సంసారం, క్యాంపులు, ఫైళ్లు అన్నీ ఉన్న మామూలు సర్కారు ఉద్యోగి. 1902లో ఆఫీసు పని మీద తిరువణ్ణామలై, అంటే మన అరుణాచలం, వచ్చారు. కొండ మీద గుహలో మాట్లాడని కుర్ర స్వామి ఒకాయన ఉన్నాడని విని చూడ్డానికి ఎక్కారు. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్నలు, రాసుకున్న జవాబులే తర్వాత ‘నాన్ యార్’ అయ్యాయి. ‘నేనెవడను’ పుస్తకానికి తమిళంలో అసలు పేరు అదే.

చాలామంది ఆయన్ని ‘ప్రచురణకర్త’ అంటారు. నిజమే, మొదట అచ్చు వేయించింది ఆయనే. కానీ నన్నడిగితే ఆయన చేసిన పెద్ద పని అచ్చు వేయించడం కాదు. అడగడం, అడిగింది పారేయకుండా దాచడం.

ఆయన వెళ్లేనాటికి మహర్షి ఎలా ఉండేవారు?

మనకిప్పుడు ఫోటోల్లో కనిపించే తెల్లగడ్డం, చేతికర్ర, సోఫా ఏవీ అప్పటికి లేవు. 1879 డిసెంబరు 30న తిరుచ్చుళిలో పుట్టిన వెంకటరామన్ 1896లో మదురైలో మరణానుభవం పొంది, ఆ ఏడాది సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరారు. 1899 నుంచి విరూపాక్ష గుహలో ఉంటున్నారు. పిళ్లై చూసేసరికి ఆయనకు ఇరవై రెండేళ్లు. కౌపీనం తప్ప ఒంటి మీద ఏమీ లేదు. ‘రమణ మహర్షి’ అన్న పేరు కూడా అప్పటికి పుట్టలేదు. ఊళ్లో వాళ్లు బ్రాహ్మణ స్వామి అనేవాళ్లు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ మనం మహర్షి అని తెలిసి వెళ్తాం. పిళ్లైకి ఆ సౌకర్యం లేదు. చుట్టూ జనం లేరు, ఆశ్రమం లేదు, పుస్తకం లేదు. డిగ్రీ చదివిన ఉద్యోగి ఒకడు తనకంటే చిన్నవాడి ముందు కూర్చుని, ‘స్వామీ, నేనెవణ్ణి?’ అని అడిగాడు.

మాట్లాడని మనిషి జవాబులెలా ఇచ్చారు?

మహర్షిది వ్రతం పట్టిన మౌనం కాదు. మాట్లాడాలనిపించక మాట్లాడని రోజులవి. పిళ్లై ప్రశ్న అడిగితే మొదట సైగ చేసేవారు. సైగ అర్థం కాకపోతే రాసి చూపించేవారు. రాసిచ్చే మనిషి పొడుగ్గా రాయడు కదా. ఆ పుస్తకంలో జవాబులు కొన్నిచోట్ల అంత కురచగా, సూటిగా ఉండటానికి ఇదొక కారణమని నా అనుమానం. నోటితో చెప్పే ఉపదేశంలో వచ్చే చుట్టుతిరుగుడు వాటిలో లేదు. ఒక ప్రశ్న, రెండు ముక్కల్లో జవాబు. దాని మీద మళ్లీ ప్రశ్న. వరసగా చదివితే ఎదురుగా కూర్చున్న ఇద్దరూ కనిపిస్తారు.

పిళ్లై ఆ జవాబుల్ని తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నారు. మొత్తం పద్నాలుగు ప్రశ్నలని పుస్తకం పీఠికల్లో చెప్తారు.

ఏం అడిగారు?

మొదటి ప్రశ్నే అన్నిటికీ తల్లి. నేనెవరు, మోక్షం ఎలా వస్తుంది? ‘నేనెవరు’ అని లోపల ఎడతెగకుండా విచారిస్తే నిన్ను నువ్వు తెలుసుకుంటావు, అదే మోక్షం అని జవాబు. అక్కడితో ఆగలేదు పిళ్లై. శరీరం, ఇంద్రియాలు, మనసు ఇవేవీ నేను కాకపోతే మరి నేనెవర్ని? వీటన్నిటినీ కాదని తోసేశాక మిగిలే ఎరుకే నువ్వు. ఆ ఎరుక స్వరూపం ఏమిటి? సత్తు, చిత్తు, ఆనందం. అది ఎప్పుడు తెలుస్తుంది? కనిపించే జగత్తు నిజమన్న భావన పోయినప్పుడు. జగత్తు కనిపిస్తూ ఉండగా తెలియదా? తెలియదు. ఎందుకు? తాడును పాము అనుకున్నంతసేపూ తాడు తెలియదు కాబట్టి.

చూడండి, ప్రతి ప్రశ్నా ముందు జవాబును పట్టుకుని పుట్టిందే. ‘సరేలెండి స్వామీ’ అని దణ్ణం పెట్టి లేచిపోయే రకం కాదాయన. తత్వశాస్త్రం చదివిన బుర్ర, పైగా రెవెన్యూ శాఖలో కాగితం మీద ఉన్నది సరిపోతోందా లేదా అని చూసే అలవాటు, రెండూ కలిసి వచ్చాయనిపిస్తుంది.

1902లో అడిగితే 1923లో అచ్చయిందేమిటి? అన్నాళ్లు ఎందుకు?

తన కోసం రాసుకున్నది కాబట్టి. లోకానికి పుస్తకం అందిద్దామని ఆయన కొండెక్కలేదు. ఇరవై ఏళ్లకు పైగా అది ఆయన సొంత సాధనకు పనికొచ్చిన నోట్సు.

1923 నాటికి పరిస్థితి మారింది. మహర్షి తల్లి అళగమ్మాళ్ 1922 మేలో సిద్ధి పొందారు. ఆ సంవత్సరం చివర్లో ఆయన కొండ దిగి తల్లి సమాధి దగ్గరే ఉండిపోయారు. ఇప్పటి రమణాశ్రమం అలా మొదలైంది. రాకపోకలు పెరిగాయి. అప్పుడు పిళ్లై తాను రాసిన తమిళ పద్య రచనలతో కలిపి ఈ ప్రశ్నోత్తరాలను అచ్చు వేయించారు. పద్యాల్లో ఉన్నది మహర్షి తన మీద చూపిన దయ, తన సందేహాలు తీర్చిన తీరు, జీవితంలో ఒక పెద్ద చిక్కు నుంచి బయటపడేసిన కథ. అంటే నూరేళ్లుగా ఇన్ని భాషల్లో తిరుగుతున్న ఆ పుస్తకం మొదటిసారి బయటికొచ్చింది ఒక భక్తుడి కృతజ్ఞతా పద్యాల పక్కన. ఇవాళ ఆ పద్యాలు ఎంతమంది చదువుతున్నారు? ప్రశ్నోత్తరాలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి.

పుస్తకంలో ప్రతి మాటా మహర్షిదేనా?

ఇది అందరూ అడగరు, అడిగినవాళ్లు మాత్రం గట్టిగా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

మొదటి జవాబులో ఒక పొడుగాటి జాబితా ఉంటుంది. సప్తధాతువులతో అయిన స్థూల శరీరం నేను కాదు, జ్ఞానేంద్రియాలు ఐదూ నేను కాదు, కర్మేంద్రియాలు ఐదూ కాదు, ప్రాణాది పంచవాయువులు కాదు, ఆలోచించే మనసూ కాదు, ఏ విషయాలూ లేకుండా వాసనలు (పాత అనుభవాలు మనసులో వదిలిన ముద్రలు) మాత్రం మిగిలిన అజ్ఞానమూ కాదు... వేదాంత ప్రకరణ గ్రంథాలు కాస్త చదివినవాళ్లకు ఇది కంఠతా వచ్చిన పాఠమే. కొత్తవాళ్లకు మాత్రం ఇక్కడే గుండె జారుతుంది. ‘ఈ లిస్టంతా బట్టీ పట్టాలా’ అని టెన్షన్ పడి పుస్తకం మూసేసిన వాళ్లను చూశాను.

పాత భక్తుల జ్ఞాపకాల్లో దీని వెనుక కథ ఒకటి ఉంది. మహర్షి ఇచ్చిన జవాబు చాలా చిన్నది, ఎరుకే నేను అని. పిళ్లైకి శాస్త్రం తెలుసు కాబట్టి, ‘నేతి నేతి’ పద్ధతిలో కాదు కాదు అనే వివరమంతా తన అవగాహన కోసం నోటుపుస్తకంలో కలిపి రాసుకున్నారు. అచ్చు కోసం ప్రతి చూపించినప్పుడు మహర్షికి ఆశ్చర్యమేసింది. ఇది నేను చెప్పలేదే, ఎలా వచ్చిందని అడిగారు. సంగతి తెలిశాక మాత్రం, స్పష్టత కోసం చేర్చుకున్నాడు, ఉండనీయండి అన్నారట.

ఈ కథను పిళ్లై మీద తప్పుగా చెప్పేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. క్లాసులో నోట్సు రాసుకునేటప్పుడు మాస్టారు అన్న ఒక్క ముక్క పక్కన మనకు తెలిసింది చేర్చుకోమా? పైగా ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని గురువు కళ్లపడేలా పెట్టారు. గురువు చూసి, ఉంచారు. అంతకన్నా ఏం కావాలి? ఇది తెలిస్తే ఒక లాభం మాత్రం ఉంది. విచారణ అంటే ఆ జాబితాను జపంలా వల్లించడం కాదని తేలిపోతుంది. మహర్షి నొక్కి చెప్పేది ఈ ‘నేను’ అనే తలపు ఎక్కణ్ణుంచి లేస్తోందో చూడమని. జాబితా పిళ్లై చేయి, చూపు మహర్షిది.

ఒక ప్రతిలో 28 ప్రశ్నలు, ఇంకోదాంట్లో 30, మరోదాంట్లో అసలు ప్రశ్నలే లేవు. ఏది అసలైనది?

అన్నీ అసలైనవే, పెరిగిన తీరు వేరు. పిళ్లై దగ్గరున్న చిన్న ప్రశ్నోత్తరాల ప్రతి తర్వాతి ముద్రణల్లో పెరిగింది. ప్రశ్నలు విడగొట్టడంలో తేడాల వల్ల కొన్ని ప్రతుల్లో 28, కొన్నిటిలో 30 వచ్చాయి.

ప్రశ్నలు లేని వ్యాస రూపం మహర్షి స్వయంగా తిరగరాసింది. ప్రశ్నలు తీసేసి, జవాబులన్నిటినీ ఒక వరసలో పేర్చి, మొదట్లో ఒక పేరా కొత్తగా కలిపారు. ప్రతి జీవీ దుఃఖం లేకుండా ఎప్పుడూ సుఖంగా ఉండాలనే కోరుకుంటుంది, అందరికీ తన మీద తనకే ఎక్కువ ప్రేమ, ప్రేమకు కారణం సుఖం, మనసు అణగిన గాఢనిద్రలో ఆ సుఖం రోజూ మనకు తెలుస్తూనే ఉంది, కాబట్టి తనను తాను తెలుసుకోవాలి, దానికి ‘నేనెవరు’ అనే జ్ఞానవిచారమే ముఖ్య సాధనం. ఈ పేరా ఎవరి ప్రశ్నకూ జవాబు కాదు. నా దృష్టిలో పుస్తకం మొత్తంలో బాగా కుదిరిన భాగం ఇదే. మోక్షం, బ్రహ్మం లాంటి పెద్ద మాటలతో కాకుండా, రాత్రి నిద్ర బాగా పట్టిందా అన్నంత మామూలు సంగతి నుంచి ఎత్తుకుంటారు.

ఒక ప్రతే కొనాలంటే వ్యాస రూపం తీసుకోండి. పిళ్లైని కూడా చూడాలంటే ప్రశ్నోత్తరాల ప్రతి.

‘విచార సంగ్రహం’ కూడా పిళ్లైదేనా?

కాదు. మహర్షిదే అయిన ఆ మరో చిన్న పుస్తకం గంభీరం శేషయ్య అనే భక్తుడికి ఆయన ఇచ్చిన జవాబుల నుంచి వచ్చింది. శేషయ్య తిరువణ్ణామలైలో మున్సిపల్ ఓవర్సీర్. 1900 నుంచి 1902 వరకు యోగం గురించి, జ్ఞానం గురించి తాను చదువుతున్న పుస్తకాల్లో సందేహాలు అడిగితే మహర్షి చీటీల మీద రాసిచ్చారు. అందుకే దాంట్లో అష్టాంగ యోగం, ప్రాణాయామం ఎక్కువ కనిపిస్తాయి. పిళ్లై అడిగింది సూటిగా నేనెవరని, అందుకని ‘నాన్ యార్’ సూటిగా ఉంటుంది. ఇద్దరూ దాదాపు ఒకే రోజుల్లో, ఒకే గుహలో, ఒకే మనిషిని అడిగారు. అడిగేవాడి తీరును బట్టి పుస్తకం ఎంత మారిపోతుందో తెలియాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మహర్షి గద్య రచనల్లో ముందుగా చెప్పుకోవాల్సినవీ ఈ రెండే.

ఆయన జీవితంలో వచ్చిన ఆ ‘పెద్ద చిక్కు’ ఏమిటి?

పుస్తకం సంగతి అందరూ చెప్తారు, ఇది చెప్పరు. కాస్త వివరంగా చెప్పుకోవాలి.

సాధనకు అడ్డమొస్తోందని పిళ్లై 1910లో ఉద్యోగం మానేశారు. మూడేళ్లకు భార్య పోయింది. అప్పటికి నడివయసు మనిషి. మనసులో ఒక అమ్మాయి ఉంది. మళ్లీ పెళ్లి చేసుకోవాలా, సాధువులా బతకాలా? చేసుకుంటే డబ్బెక్కడిది, జీతం లేదాయె. గురువును అడుగుదామంటే సిగ్గు. బహుశా జవాబు ఏమొస్తుందో లోపల తెలుసు కూడా.

అందుకని చిన్నప్పటి నుంచి కొలిచిన వినాయకుడి దగ్గరికి వెళ్లారు. కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాశారు. ఈ లోకంలో దుఃఖం, చింత లేకుండా ఉండాలంటే నేనేం చేయాలి? నేననుకుంటున్న అమ్మాయితో నాకు పెళ్లవుతుందా? కాకపోతే ఎందుకు కాదు? అయ్యేటట్టయితే కావాల్సిన డబ్బు ఎలా వస్తుంది? ఆ కాగితం విగ్రహం ముందు పెట్టి, దాని మీద జవాబు పడుతుందేమో, కనీసం ఏదో సూచన కనిపిస్తుందేమో అని తెల్లవార్లూ మేలుకుని కూర్చున్నారు. ఏమీ జరగలేదు.

పదకొండేళ్ల కిందట ‘నేనెవణ్ణి’ అని అడిగిన మనిషే ఈ చీటీ రాసింది. రెండో ప్రశ్న, నాలుగో ప్రశ్న మన ఇళ్లలో ఎవరైనా రాసేవే. నాకు పిళ్లై మీద ఇష్టం కలిగింది ఈ చీటీ దగ్గరే.

ఇక తప్పక విరూపాక్ష గుహకు వచ్చారు. వచ్చారే గానీ నోరు పెగల్లేదు. ఇవాళ కాదు రేపు అని రోజులు గడిచాయి. వెళ్లిపోదామనుకున్న రోజు వచ్చింది. ఆ రోజు గుహ దగ్గర జనం. అడగాలన్నా పది మందిలో అడగాలి. ఊరికే స్వామి వంక చూస్తూ కూర్చున్నారు. చూస్తుండగా స్వామి తల చుట్టూ కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు, ఆ తలలోంచి బంగారు రంగు శిశువు ఒకటి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లడం కనిపించిందట. అంతే, ఆపుకోలేక ఏడ్చేశారు. అన్నాళ్ల ఊగిసలాట ఒక్కసారిగా తెగిపోయింది. ప్రయాణం ఆపుకుని ఉండిపోయారు. తర్వాతి రోజుల్లోనూ స్వామి శరీరం ఉదయపు సూర్యుడిలా, ఒళ్లంతా విభూతి పూసుకున్నట్టు, స్ఫటికంలా కనిపించిందని రాసుకున్నారు.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలూ అడగనే లేదు. ఊరికి తిరిగి వెళ్లి, మళ్లీ పెళ్లి మాట ఎత్తకుండా బ్రహ్మచర్యంలో, నియమంగా మిగతా జీవితం గడిపారు.

ఆ దర్శనాలు నిజమేనా? మత్తు పదార్థం ఏదైనా...?

ఈ అనుమానం కొత్తది కాదు. ఆ రోజు గుహలో ఉన్న మిగతా భక్తులకు ఆయన తను చూసింది చెప్తే కొందరు నవ్వారు, ఏదో మత్తు పుచ్చుకున్నాడేమో అని కొందరు అనుమానించారు. మిగతావాళ్లెవరికీ ఏమీ కనిపించలేదు మరి.

నిజమా అబద్ధమా అని తేల్చే పని నేను పెట్టుకోను. గమనించాల్సింది ఇంకోటుంది. ‘నాన్ యార్’లో దర్శనాల ఊసే ఉండదు. కనిపించే దాన్ని కాదు, చూసేవాణ్ణి పట్టుకోమంటుంది. దాన్ని నోటుపుస్తకంలో దాచుకున్న మనిషికే చిక్కు సమయంలో పనికొచ్చింది దర్శనం. ఇందులో వైరుధ్యం ఉందని కొందరు పట్టుబడతారు. ఉంటే ఉండనీయండి. ఆయన దాచిపెట్టలేదు. పద్యాల్లో రాసి, ఆ ప్రశ్నోత్తరాల పక్కనే అచ్చు వేయించారు.

అంటే సాధన కోసం మనమూ ఉద్యోగం మానేయాలా?

అక్కర్లేదు. ఇల్లూ వాకిలీ వదిలేసి వస్తామన్న వాళ్లను మహర్షి ప్రోత్సహించేవారు కాదు. ఎక్కడున్నా మనసు వెంటే వస్తుంది కదా అనేవారు. పిళ్లై సంగతి పిళ్లైది.

పిళ్లై చివరికి జ్ఞాని అయ్యారా?

ఎవరు జ్ఞానో తేల్చడానికి మనమెవరం? కానీ ఈ ప్రశ్నకు సంబంధించి మంచి ముచ్చట ఒకటి ఉంది. మునగాల వెంకటరామయ్య అనే భక్తుడు 1935 నుంచి 1939 దాకా ఆశ్రమం హాల్లో మహర్షితో జరిగిన సంభాషణలను రాసిపెట్టారు, అందులోది.

పిళ్లై ఒక పద్యంలో, గురువు చెప్పింది తాను ఆచరణలో పెట్టలేకపోయానని వాపోయారు. అది పట్టుకుని హాల్లో ఒకరు మహర్షిని అడిగారు. శివప్రకాశం పిళ్లై అంతటి మంచివాడు, అంతటి భక్తుడు, ఇన్నేళ్లుగా మిమ్మల్ని నమ్ముకున్నవాడు, ఆయనే నావల్ల కాలేదంటే ఇక మాబోటి వాళ్ల గతేమిటి అని. మహర్షి నవ్వి, శంకరాచార్యుల వారు కూడా దేవుడి మీద స్తోత్రాలు రాసేటప్పుడు అలాగే అంటారు, దేవుణ్ణి ఇంకెలా స్తుతిస్తారు అన్నారు.

అడిగినాయన బాధ నాకర్థమవుతుంది. పుస్తకం తెచ్చిన మనిషే చేతులెత్తేస్తే చదివినవాడికి దిగులే. మహర్షి మాత్రం ఆ పద్యాన్ని ప్రోగ్రెస్ రిపోర్టుగా చూడలేదు, స్తోత్రంగా చూశారు. శంకరుల శివస్తోత్రాల్లోనో దేవీ స్తోత్రాల్లోనో నేను పాపిని, జపం తెలీదు, ధ్యానం తెలీదు అనే మాటలు మనమూ చదివాం. వాటిని చూసి శంకరులకు ధ్యానం రాదని ఎవరమూ అనుకోం కదా.

పిళ్లై మహర్షి కంటే ముందే పోయారు. ఆ కబురు విని మహర్షి, శివప్రకాశం శివప్రకాశమయ్యాడు అన్నారని పాత భక్తులు చెప్పుకునేవాళ్లు.

మహర్షిని లోకానికి తెలియజేసింది మన కావ్యకంఠ గణపతి ముని కదా?

అవును, ఆయన వాటా ఆయనది, అది పెద్దదే. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన గణపతి ముని 1907 నవంబరులో విరూపాక్ష గుహకు వెళ్లి, తపస్సంటే ఏమిటో చెప్పమని అడిగి ఉపదేశం పొందారు. భగవాన్ శ్రీ రమణ మహర్షి అన్న పేరు పెట్టింది ఆయనే. తర్వాత సంస్కృతంలో ‘రమణ గీత’ కూర్చారు. తెలుగువాళ్లకు ఆయనంటే గర్వం, ఉండాల్సిందే.

పిళ్లై వచ్చింది అంతకు ఐదేళ్ల ముందు. ఇద్దరిలో ఎవరు గొప్ప అనే పోటీ పెట్టడం దండగ. గణపతి ముని శ్లోకంలో చెప్పగలరు, నలుగురిని వెంటబెట్టుకుని రాగలరు. పిళ్లై ఒంటరిగా వచ్చి, అడిగి, రాసుకుని, ఒక మూల కూర్చునే రకం. పేరు పెట్టినాయన అందరికీ గుర్తున్నారు. ప్రశ్న అడిగినాయన పీఠికలో మిగిలారు.

పుస్తకం కొత్తవాళ్లకు అర్థమవుతుందా?

మొదటి రెండు పేజీలు దాటితే అవుతుంది. మహర్షి కూడా కొత్తగా వచ్చినవాళ్లను ముందు ఇదే చదవమనేవారు. బీదవాళ్లు కూడా కొనుక్కోగలిగేలా ధర తక్కువ ఉండాలని ఆయన కోరిక. ఇప్పటికీ చవకే.

లోపల చెప్పిన పోలికలు మన బతుకులోవే. చితిలో శవాన్ని కదిపే కర్ర చివరికి అదే మంటలో కాలిపోయినట్టు, ‘నేనెవరు’ అనే తలపు మిగతా తలపులన్నిటినీ పోగొట్టి తనూ పోతుందంటారు. కోటలోంచి శత్రువులు ఒక్కొక్కరే బయటికొస్తుంటే వచ్చినవాణ్ణి వచ్చినట్టే పడగొడితే కోట చిక్కుతుందని ఇంకోచోట. చెత్త ఊడ్చి పారేసేవాడు అందులో ఏముందో విడివిడిగా పరీక్షించక్కర్లేదని మరోచోట. తత్వాల లెక్కలు వేస్తూ కూర్చునేవాళ్లకు తగిలే మాట అది. ఆ పేజీకీ, మొదటి జవాబులోని పిళ్లై జాబితాకూ మధ్య ఉన్న దూరం చూస్తే నాకు నవ్వొస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువమందికి నచ్చేది రైలు పోలిక. రైలు ఎంత బరువైనా మోస్తుందని తెలిసి కూడా, ఎక్కాక మన మూట నెత్తిన పెట్టుకుని అవస్థ పడటమెందుకు, కింద పెట్టి హాయిగా కూర్చోవచ్చు కదా. భారం ఈశ్వరుడి మీద వేయడం గురించి చెప్పిన మాట ఇది. రైల్లో తిరిగొస్తూ చదివితే మరీ బాగుంటుంది.

సాధనకు తోడ్పడే నియమాల్లో దేన్ని ముందు పెట్టారో కూడా చూడండి. మితంగా, సాత్వికంగా తినడం. ప్రాణాయామం మనసును కాసేపు అణచడానికి సాయపడుతుందే కానీ దాన్ని పోగొట్టదని తేల్చేశారు. ఎప్పటికైనా చదివిందంతా మరిచిపోవాల్సి వస్తుందని కూడా ఉంది. అది చదివి ‘మరి ఇదెందుకు చదవడం’ అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు, చదివితే తప్ప ఆ వాక్యం దాకా రాలేం అని తప్ప.

అరుణాచలం వెళ్తే పిళ్లైకి సంబంధించినవి ఏవైనా చూడొచ్చా?

విరూపాక్ష గుహ. రమణాశ్రమం వెనుక నుంచి రాళ్లు పరిచిన దారిలో స్కందాశ్రమం దాకా ఎక్కి, అక్కణ్ణుంచి ఊరి వైపు కాస్త దిగితే వస్తుంది. పొద్దున్నే ఎండెక్కకముందు బయల్దేరండి, నీళ్లు పట్టుకెళ్లండి. లోపల చిన్న చోటు, వెలుతురు తక్కువ. జనం లేనప్పుడు వెళ్తే కూర్చోవచ్చు. సెల్‌ఫోన్ సైలెంట్‌లో పెట్టడం మర్చిపోవద్దు, లోపల ధ్యానం చేసేవాళ్లుంటారు. పిళ్లై పేరున బోర్డు కోసం మాత్రం వెతక్కండి.

తెలుగులో ఏం చదవాలి?

‘నాన్ యార్’ తెలుగులో ‘నేనెవడను’, ‘నేనెవరు’ అనే పేర్లతో దొరుకుతుంది. ఆశ్రమం దుకాణంలో తెలుగు పుస్తకాలకు వేరే అర ఉంటుంది, అడిగితే చూపిస్తారు. కొనేముందు లోపల తెరిచి ప్రశ్నలున్న ప్రతో, వ్యాసమో చూసుకోండి. అది అయ్యాక వెంకటరామయ్య గారి సంభాషణలు. అది లావు పుస్తకం, వరసగా చదవక్కర్లేదు, ఎక్కడ తెరిస్తే అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. పిళ్లై పద్యం మీద జరిగిన ఆ సంభాషణ అందులోనే దొరుకుతుంది.